ఆదివారాలు కూడా కలిపి

మొన్న భస్మ బుధవారం పొద్దున్నే మా సంఘం వాట్సాప్ గ్రూపులో కుర్ర పాస్టరుగారు ఒక ప్రశ్న పెట్టారు. ఈస్టరు ముందు వచ్చే ఈ శ్రమ దినాలు నలభైలోనూ ఎవరెవరు దేన్ని విడిచిపెడుతున్నారో అందరూ రాయండి, ఒకరిని చూసి ఒకరం బలపడదాం అన్నారు. మధ్యాహ్నం అన్నాలవేళకల్లా గ్రూపు నిండిపోయింది. ఒకావిడ టీ మానేసింది, ఒకాయన బిర్యానీ మానేసి పెళ్ళిళ్ళలో తప్ప అని కింద ఒక సవరణ పెట్టాడు, ఒక కుర్రవాడు ఫోను చూడడం మానేస్తున్నానని ఫోనులోనే రాశాడు, మా వీధి చివర ఉండే రిటైరయిన పెద్దమనిషి కోపం మానేస్తున్నానని రాస్తే ఆయన భార్య దాని కింద పడీపడీ నవ్వే బొమ్మ పెట్టింది. నేను మూడుసార్లు ఏదో రాయబోయి మూడుసార్లూ చెరిపేశాను. సూళ్లూరుపేటలో అందరికీ నేను నర్సమ్మను, నొప్పి తెలియకుండా సూది వేసే చేయి నాదని పేరు, నేనేది మానినా మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలంటేనే నాకు భయం. ఎందుకో చెప్పాలంటే యాభై ఏళ్ళకు పైగా వెనక్కి పోవాలి.

మాది కృష్ణపట్నం దగ్గర ఉప్పు మళ్ళను ఆనుకుని ఉండే పల్లె. ఇప్పుడు అటు పోతే ఓడరేవు క్రేన్లూ పొగగొట్టాలూ కంపెనీ బస్సులూ కనబడతాయి గానీ మా పల్లె ఏదో నాకే ఒక పట్టాన పోల్చుకోవడం చేతకాదు. నాయన ఉప్పు మళ్ళలో మేస్త్రీ. అమ్మ, నాయన, నాకంటే నాలుగేళ్ళు పెద్దదయిన అక్క, నేను, ఇంతే మా ఇల్లు. ఊళ్ళో మావాళ్ళవి ముప్పై గడపలుంటే వాటి నడుమ ఒక పెంకుటి చర్చి, దానికొక పాస్టరయ్యగారు, ఆయన్నీ మమ్మల్నీ కలిపి నడిపే పాస్టరమ్మగారు. శ్రమ దినాలు వచ్చేది సరిగ్గా పుల్ల మామిడికాయలు దిగే కాలంలో. నెల్లూరు సీమలో పుట్టిన మనిషిని మామిడికాయ వేసిన చేపల పులుసు మానమనడం ఎంత పెద్ద శిక్షో మీకు నేను వేరే చెప్పక్కరలేదు.

ఇప్పటిలాగా ఇంట్లో కూచుని రాసి పంపడం కాదు అప్పుడు. భస్మ బుధవారం సాయంత్రం చర్చిలో ఒక్కొక్కరే లేచి నిలబడి తాము మానబోయేదేమిటో గొంతెత్తి చెప్పాలి, చీటీ మీద రాసి బల్ల మీదున్న గాజు సీసాలో వేయాలి. ఈస్టరు తెల్లవారుజామున పాస్టరమ్మగారు ఆ చీటీలు ఒక్కొక్కటే తీసి చదువుతుంటే, మాట నిలబెట్టుకున్నామో తప్పామో మళ్ళీ అందరి ముందూ చెప్పాలి. మానేది మనకు అన్నిటికంటే ఇష్టమైనదై ఉండాలని ఆమె నియమం. ఒక ముసలాయన ఏటా పాలు మానేస్తానని లేచేవాడు, ఆయన ఇంట్లో పాడి పోయి పదేళ్ళయిందని ఊరంతటికీ తెలుసు, అయినా ఎవరూ నవ్వకూడదు. ఇంకొక వెసులుబాటు ఉండేది, అది మీరు గుర్తు పెట్టుకోవాలి. ఆదివారాలు నలభైలో లెక్కకు రావు. ఆదివారం పునరుత్థాన దినం గనుక ఆ ఒక్కరోజు మానినదాన్ని ముట్టవచ్చు. అందుకే శ్రమ దినాల్లో ఆదివారమొస్తే మా వీధి వీధంతా పులుసు వాసన గుప్పుమనేది.

నాకు పదమూడో ఏడు వచ్చిన సంవత్సరం అక్క మీద నాకు వల్లమాలిన కోపం వచ్చింది. మంచి శుక్రవారం నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో మాటకూ మాటకూ నడుమ ఒక ఆడపిల్ల ఒంటరిగా పాడేది. పాస్టరమ్మగారు ఆ ఏడు అక్కను పాడమన్నారు. నాకు పాడాలని ఉంది. గొంతు బాగాలేదని చెప్పి తప్పుకో, నన్ను పాడనీ అని అక్కను బతిమాలాను. అక్క నవ్వి, నూతి దగ్గర నలుగురు ఆడపిల్లలు వింటుండగా, "నీకు శ్రుతి నిలబడదు మే" అన్నది. అది నిజం. ఇప్పటికీ నాకు శ్రుతి నిలబడదు. కానీ పదమూడేళ్ళ పిల్లకు అబద్ధంకంటే నిజమే ఎక్కువ మండుతుంది, అందులోనూ పక్కన ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నాక.

ఆ బుధవారం సాయంత్రం నా వంతు వచ్చినప్పుడు నేను లేచి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది మా అక్కతో మాట్లాడడమనీ, ఈ నలభై దినాలూ దాన్ని విడిచిపెడుతున్నాననీ చెప్పాను. చేపలూ వక్కాకులూ మానేవాళ్ళ మధ్య ఒక పసిపిల్ల ఇంత మాట అనేసరికి పాస్టరయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, ఆడవాళ్ళు పమిటచెంగులు మొహానికి తెచ్చుకున్నారు. అక్క నా పక్కనే చాప మీద కూచుని ఉంది. తలెత్తి నావైపు చూసింది. దాని కళ్ళలో నీళ్ళు. తానంటే నాకు అంత ప్రాణమని నమ్మింది. కోపంతో అన్నానని దానికి తోచనే లేదు. నేను దాని మొహం చూసి, దెబ్బ సరిగ్గా తగిలిందని లోపల సంతోషించాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ సంతోషించాననడమే నిజం.

అక్క అప్పటికి పదో తరగతి ప్యాసై ఇంట్లో ఉంది. నెల్లూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకుని, ఇంటర్వ్యూకు రమ్మనే కార్డు కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. నాయనకు పిల్లను అంత దూరం పంపడం ఇష్టంలేదు. అమ్మ పోరగా పోరగా చివరికి ఒక మాట ఇచ్చాడు: "ఈస్టర్ లోపల కార్డు వచ్చిందా, పంపిస్తా. రాలేదా, ఇంక ఆ మాటెత్తబాక." నాయన ఒక మాటన్నాడంటే ఉప్పు గట్టు తెగినా ఆ మాట తెగదు. అక్క ఆ గడువుకే మహా సంబరపడి, మేనమామ కొడుకు పెళ్ళిలో తనకు పెట్టిన తెల్ల చీర ఉతికి గంజి పెట్టి, మడిచి పెట్టెలో దాచుకుంది.

రెండో వారంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం పోస్టాయన సైకిలు మా గుమ్మం ముందు ఆగింది. అమ్మా అక్కా నాయనకు అన్నం తీసుకుని మళ్ళ దగ్గరకు పోయి ఉన్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే. కార్డు నా చేతిలో పెట్టి, మీ అక్కకేనమ్మా, జాగ్రత్తగా ఇయ్యి అని చెప్పి వెళ్ళిపోయాడు. చదివాను. వచ్చే గురువారం పొద్దున సర్టిఫికెట్లు తీసుకుని రమ్మని ఉంది. నేను మొదట్లోనే ఏదో కుట్ర పన్నానని అనుకోకండి. అక్క రాగానే ఇద్దామనే చేతిలో పట్టుకుని గడపలో కూచున్నాను. కూచున్నదాన్ని కూచున్నట్టే ఉండగా నూతి దగ్గర నవ్వు గుర్తొచ్చింది, దాని వెంబడే ఒక ఆలోచన వచ్చింది. నేను మాట్లాడకూడదు గదా, ఒట్టు పెట్టుకున్నాను గదా, కార్డు వచ్చిందని ఎట్లా చెప్పగలను? లేచి పోయి కార్డును నా లెక్కల పుస్తకం అట్ట లోపలికి దూర్చేశాను.

అమ్మకు చెప్పవచ్చు. పెట్టె మీద పెట్టి ఊరుకోవచ్చు. ఎల్లుండి ఆదివారం, ఆరోజు ఒట్టు వర్తించదు, నోరారా చెప్పవచ్చు. ఇవేవీ నాకు తోచలేదని అంటే దేవుడు నవ్వుతాడు. అన్నీ తోచాయి. ఆ ఆదివారం పాస్టరమ్మగారు స్వయంగా, ఇయాళ ఒక్కరోజు మీ అక్కతో మాట్లాడవచ్చమ్మా అని నా గడ్డం పట్టుకుని చెప్పారు. నేను తల అడ్డంగా ఊపి, ఆదివారాలు కూడా కలిపే మానానని చెప్పాను. ఆ మాటకు ఇంకా పొంగిపోయి ఆమె నలుగురికీ చెప్పుకున్నారు. దైవభక్తి అనేది ఒక్కొక్కసారి పాపానికి ఎంత మంచి దుప్పటి అవుతుందో నేను ఆ వయసుకే నేర్చుకున్నాను.

సోమవారం సాయంత్రం అక్క నా దగ్గరకు వచ్చింది. నేను వరండాలో ఆ లెక్కల పుస్తకమే ముందు పెట్టుకుని కూచుని ఉన్నాను. అది నా ఎదుట గొంతుక్కూచుని, నా ఒట్టుకు భంగం కలగకుండా ఎంతో జాగ్రత్తగా, మెల్లగా అడిగింది: "నేను లేనప్పుడు పోస్టాయనేమైనా వచ్చినాడా మే? మాట్లాడబాక. తలూపు చాలు." తల ఊపడం మాట్లాడడం కాదు. అది నాకు అక్కే దారి వేసి ఇచ్చింది. నేను కళ్ళు పుస్తకం మీద నుంచి ఎత్తలేదు. తల కదపలేదు. అక్క కాసేపు చూసి, నా నెత్తిన చేయి వేసి నిమిరి, "ఎంత నిష్ఠ మే నీకు! నాకైతే చేతగాదు" అని లేచిపోయింది. దాని చేతికి ఉప్పు మళ్ళ వాసన ఉండేది. గురువారం వచ్చింది, పోయింది, ఆరోజు అక్క పెరట్లో కూచుని చింతపండు పిక్కలు తీసింది.

ఈస్టరు నాడు ఇంకా చీకటి ఉండగానే చర్చికి పోయాం. పాస్టరమ్మగారు నా చీటీ చదివినప్పుడు నేను లేచి, ఒక్క మాట కూడా తప్పలేదని సాక్ష్యం చెప్పాను. అదీ నిజమే. నాకు ఎర్ర అట్ట ఉన్న చిన్న కొత్త నిబంధన బహుమానంగా ఇచ్చారు. ఇంటికి వచ్చి, నలభై ఆరు రోజుల తర్వాత అక్కతో నేనన్న మొదటి మాట, నీకు కార్డు వచ్చింది అని. పుస్తకం అట్ట లోంచి తీసి ఇచ్చాను. అది నిలబడే చదివింది. తేదీ దగ్గర ఆగి మళ్ళీ చదివింది. కొడుతుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను, నాయన దగ్గరికి పోతుందని వణికాను. "నేనడిగిన రోజు నీ దగ్గరే ఉండిందా?" అని మాత్రం అడిగింది. నేను తల ఊపాను. అప్పుడు ఊపాను. అక్క కార్డు తీసుకుపోయి, అమ్మ పండగకని పరమాన్నం పెట్టిన పొయ్యిలో వేసి, అది పూర్తిగా కాలిందాకా అక్కడే నిలబడింది. నాయనతో కార్డు రాలేదని చెప్పింది. నాయన ఎవరి రాత వాళ్ళదని పరమాన్నం తిన్నాడు.

మరుసటి ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు గదా అంటారు మీరు. మరుసటి ఏటికి అమ్మకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది, మంచం దగ్గర ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి అక్క అయింది. ఆ ఏడు భస్మ బుధవారం నాడు చర్చిలో అక్క తన వంతుకు లేచి నిలబడి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది మా చెల్లెలితో మాట్లాడడం, దాన్ని విడిచిపెడుతున్నా, ఆదివారాలు కూడా కలిపి, అని చెప్పింది. నా మాటలే, తర్వాత నేను కలిపిన ఆదివారాల మాటతో సహా. పాస్టరమ్మగారు ఈ అక్కాచెల్లెళ్ళ ప్రేమ చూడండని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఈసారి చాప మీద కూచుని తలెత్తి చూసింది నేను.

అక్కడితో ఆగలేదు. ఆ ఏడు, ఆ పై ఏడు, ఏటేటా. మిగిలిన రోజుల్లో అక్క అక్కే. నేను పదో తరగతి ప్యాసయినప్పుడు నాయనతో పోట్లాడి నాకు ట్రైనింగుకు ఒప్పించింది అదే. నా కార్డు వచ్చిన రోజు, నేను నాయనకు అన్నం తీసుకుని మళ్ళ మీద ఉంటే, పోస్టాయన చేతిలోంచి దాన్ని లాక్కుని ఉప్పు గట్ల మీద చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చింది అదే. రొప్పుతూ, "ఇదిగో మే, నీ కార్డు" అన్నది. అందులో దెప్పిపొడుపు ఏమైనా ఉందా అని నేను ఎన్ని ఏళ్ళు వెతికానో చెప్పలేను, దొరకలేదు. దొరికితే బాగుండేది. ఆ తెల్ల చీర కూడా నాకే ఇచ్చింది, ఇంటర్వ్యూకు అదే కట్టుకుని పోయాను.

నేను నర్సునయ్యాను, సూళ్లూరుపేటలో ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. అక్కకు ఊళ్ళోనే పెళ్ళి అయింది, పదేళ్ళకే బావ పోయాడు, పిల్లలు లేరు, ఉప్పు మళ్ళు తగ్గి రొయ్యల గుంటలు వచ్చాక షెడ్డులో రొయ్యలు వలిచే పనికి కుదిరింది. తెల్లవారక ముందు నుంచి ఐసు నీళ్ళలో చేతులు. వేళ్ళ చివర్లు తెల్లగా నాని పగుళ్ళు వారి ఉండేవి. నా రెండు కాన్పులకూ వచ్చి చేసింది, ఎండు చేపలూ మాగాయీ ఎవరో ఒకరితో పంపేది. కానీ భస్మ బుధవారం తెల్లవారిందంటే నేను దానికి లేను. ఎదురు పడితే చూస్తుంది, ఇంటికి పోతే పీట వేస్తుంది, అన్నం పెడుతుంది, మాట ఉండదు. ఒకసారి మా పెద్దవాడికి జ్వరమని శ్రమ దినాల్లో కబురు చేస్తే, వచ్చి వాడి తల దగ్గర నాలుగు రాత్రులు కూచుంది, వాడితో ఊసులాడింది, మా ఆయనతో మాట్లాడింది, నన్ను మాత్రం గోడను చూసినట్టు చూసి వెళ్ళింది. మళ్ళీ ఈస్టరు తెల్లవారగానే, ఫోన్లు వచ్చాక ఫోనులో, అంతకుముందయితే మొదటి బస్సు దిగి వచ్చి, ఏమీ జరగనట్టు ఒకే మాట: "తిన్నావా మే?"

క్షమించమని అడగలేదా అంటారేమో. అడిగాను, చాలాసార్లు. ఏ కార్డు, ఎప్పటి సంగతి అనేది. ఆ విషయం మాట్లాడితే నేను తన దగ్గర్నుంచి ఏదో లాగేసుకుంటున్నట్టు దాని మొహం మూసుకుపోయేది. తర్వాత్తర్వాత అడగడం మానుకున్నాను.

పోయిన ఏడు సంక్రాంతి పోయాక అక్కకు కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసి నా దగ్గరకు తెచ్చుకున్నాను. నెల రోజులు మా ఇంట్లో నోరు మూయకుండా మాట్లాడింది. ఉప్పు మళ్ళు, అమ్మ, నాయన, పాలు మానేసే ముసలాయన, అన్నీ చెప్పుకుని ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. తర్వాత భస్మ బుధవారం వచ్చింది. ఆ పొద్దున కాఫీ తీసుకుపోయి ఇస్తే గ్లాసు అందుకుని మొహం తిప్పుకుంది. ఈ మనిషి ఈస్టరు దాకా ఉండదని నాకు తెలుసు, నర్సుగా ముప్పై అయిదేళ్ళు చూసిన రోగమే గదా. దానికీ తెలుసు. అయినా పనిమనిషితో మాట్లాడింది, నా కోడలితో మాట్లాడింది, కుర్ర పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే ఆయనతో గడగడా మాట్లాడింది. దాని నరం ఎవరికీ దొరికేది కాదు, నాకే దొరికేది. నేను సెలైను పెట్టడానికి కూచుంటే చేయి చాపేది, మొహం కిటికీ వైపు ఉండేది.

ఒక మంగళవారం నాకు ఓపిక పోయింది. మంచం పట్టె మీద తల పెట్టి చిన్నపిల్లలాగా ఏడ్చాను. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి అను, ఇట్లా మాత్రం పోవద్దు అని దాని కాళ్ళు పట్టుకున్నాను. అక్క ఆ నీరసపు చేతులు రెండూ దుప్పటి మీదికి తెచ్చి, పది వేళ్ళూ చాపింది, ముడిచింది, మళ్ళీ రెండు వేళ్ళు చూపించింది. పన్నెండు. ఈస్టరుకు ఇంకా పన్నెండు రోజులు. ఆదివారాలు కూడా కలిపి. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం వెళ్ళిన రెండో రోజు పొద్దున, ఇంకా అయిదు రోజులు ఉండగా, పోయింది.

ఆ ఈస్టరు నాడు నేను చర్చికి పోలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని తెల్లవారిందాకా కూచున్నాను. ఎవరూ తిన్నావా అని అడగలేదు.

ఇప్పుడు శ్రమ దినాలు తేలికయ్యాయి, ఎవరికీ ఏమీ తగలకుండా మానుకుంటున్నారు, మంచిదే. మా కాలంలో ప్రతిదానికీ సాక్షులుండేవాళ్ళు, ఒట్టు పెడితే చావో రేవో అన్నట్టుండేది, ఆ పట్టుదలలో ఎంత పుణ్యం ఉందో ఎంత విషం ఉందో చూసేవాళ్ళు లేరు. నేను గ్రూపులో ఏమీ రాయలేదు. ఎర్ర అట్ట పుస్తకం బీరువాలో ఉంది, దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామంటే చేయి రాదు. అన్నిటికంటే ఇష్టమైనదాన్నే మానాలని పాస్టరమ్మగారి నియమం గదా, అక్క ఏటేటా నన్నే ఎందుకు మానిందో, శిక్షకు మానిందో ఇష్టానికి మానిందో నాకు ఇప్పటికీ తేల్చుకోవడం చేతకాదు, ఆ జవాబు పన్నెండు రోజుల అవతల ఉండిపోయింది. ఇవాళ్టికి భస్మ బుధవారం వెళ్ళి తొమ్మిది రోజులు. పాలవాడు మాట్లాడాడు, కోడలు మాట్లాడింది, పాస్టరుగారు ఫోను చేసి కుశలం అడిగారు. యాభై ఏళ్ళలో మొదటిసారి, ఈ శ్రమ దినాల్లో అందరూ నాతో మాట్లాడుతున్నారు.